హిజఓరి అంటే మోకాలు విరగడమా, ఊరి పేరా?

ప్రశ్న (సైతామా నుంచి, వృద్ధుల సంరక్షణలో ఉద్యోగం)

అందరికీ నమస్కారం. మాది పీలేరు దగ్గర పల్లె. ఏడాదిన్నరగా జపాన్‌లో, సైతామా ప్రిఫెక్చర్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తున్నాను. మా పనికి భాషలో అన్నిటికన్నా ముందు కావలసినవి ఒంటి భాగాల పేర్లు. ఎక్కడ నొప్పి, ఏ వైపు తిప్పాలి, ఎక్కడ పట్టుకుని లేపాలి, అంతా వాటితోనే నడుస్తుంది. అందుకే ఇక్కడికి రాకముందే హాస్టల్ గోడకు మనిషి బొమ్మ ఒకటి అంటించుకుని బట్టీ పట్టాం. కన్ను మె, ముక్కు హన, నోరు కుచి, చెయ్యి తె, నడుము కొషి, పిరుదు షిరి. మోకాలు హిజ, మోచెయ్యి హిజి. ఈ చివరి రెండూ నన్ను చాలా రోజులు ఏడిపించాయి.

ఇక అసలు సంగతి. మా దగ్గర తొంభై నాలుగేళ్ల అవ్వ ఒకామె ఉంది. మతిమరుపు జబ్బు. పగలంతా బాగానే ఉంటుంది, చీకటి పడేసరికి ఇంటికి పోవాలని మొదలుపెడుతుంది. పోయిన నెల నా నైట్ డ్యూటీలో పదకొండు గంటలప్పుడు ఆమె గది నుంచి బెల్లు మోగింది. వెళ్లి చూస్తే మంచం అంచున కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని "హిజఓరి, హిజఓరి" అంటోంది. హిజ మోకాలు. ఓరి అంటే విరగడం. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మంచం దిగబోయి పడిందేమో, ఎముక విరిగిందేమో అని టెన్షన్‌తో నర్సును పిలిచాను. ఆమె పరుగున వచ్చి రెండు మోకాళ్లూ నొక్కి చూసింది, మెల్లగా వంచి చూసింది. వాపు లేదు, నొప్పీ లేదు. అవ్వ అదే మాట అంటూ చివర "కాఎరితాఇ" అని కలిపింది. ఇంటికి పోవాలి అని. అప్పుడు నర్సు నా భుజం తట్టి చెప్పింది, హిజఓరి ఆమె పుట్టిన ఊరట.

పొద్దున డ్యూటీ దిగాక ఫోన్‌లో మ్యాపు తీసి వెతికాను. మాకు దగ్గరలోనే, అసాకా నగరంలో హిజఓరి అనే పేట ఇప్పటికీ ఉంది. పేరు రాసిన కంజి అక్షరాలు (ఒక్కోదానికీ ఒక అర్థం ఉండే జపనీస్ అక్షరాలు) కూడా సరిగ్గా అవే. మొదటిది మోకాలు, రెండోది విరుగు.

ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్లినా ఇవే కంటపడుతున్నాయి. ఇకెబుకురో దాటగానే మెజిరో స్టేషన్ వస్తుంది, అంటే తెల్ల కన్ను. ఆ రైలు మార్గం పేరు యమనోతె, కొండ చెయ్యి. ఇకెజిరి అంటే చెరువు పిరుదు. నేను రోజూ ఎంతో మర్యాదగా, ముందు ఒక "ఒ" చేర్చి పలికే మాట స్టేషన్ బోర్డు మీద అంత పెద్ద అక్షరాల్లో ఉంటే ఆగి రెండోసారి చదివాను.

నా సందేహం ఇది. ఈ ఊరి పేర్లలో ఉన్నవి నిజంగా ఒంటి భాగాల మాటలేనా, లేక శబ్దం కలిసి అవే అక్షరాలు పెట్టుకున్నారా? మోకాలు విరగడం అని ఊరికి ఎవరైనా పేరు పెట్టుకుంటారా? మా వైపు తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతం ఉంది, మా అమ్మ మొక్కు తీర్చుకోవడానికి అక్కడ మోకాళ్ల మీద ఎక్కడం నేను చిన్నప్పుడు చూశాను. అలాంటి కథ ఏదైనా ఇక్కడా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. అవ్వతో ఆమె ఊరి గురించి రెండు మాటలు మాట్లాడాలని నాకు చాలా కోరికగా ఉంది.


జవాబు 1 (టోక్యో నుంచి)

మీ పోస్టు చదివి చాలాసేపు అలా ఉండిపోయానండీ. నేను పద్నాలుగేళ్లుగా ఇక్కడ సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. ఆదివారాలు పాత రహదారుల వెంట నడవడం నా అలవాటు, హిజఓరి మీదుగా రెండుసార్లు నడిచాను.

టోక్యోకు ఎదో అని పేరున్న కాలంలో అక్కడి నుంచి కవగోఎ కోటకు ఒక బాట ఉండేది. దాన్ని కవగోఎ కైదో అంటారు. దాని మీద ప్రయాణికులు దిగే మజిలీ ఊళ్లలో హిజఓరి ఒకటి. అక్కడ చెప్పుకునే కథలో మోకాలు మనిషిది కాదు, గుర్రానిది. ఒగురి వంశానికి చెందిన ఒక యోధుడు శత్రువులు తరుముతుంటే గుర్రం మీద పారిపోతూ ఇక్కడికి వచ్చేసరికి గుర్రం మోకాలు విరిగి పడిపోయిందట. అందుకని హిజఓరి. ఇది ఐతిహ్యమే, చరిత్ర అని చెప్పలేం. కానీ అక్కడ నది వైపు నేల ఏటవాలుగా దిగుతుంది, ఆ వాలులో బరువుతో నడిచే గుర్రానికి ఏమవుతుందో కళ్లకు కడుతుంది.

"ఓరి" గురించి ఒక మాట. అది విరగడమే కాదు, మడవడం కూడా. మనకు తెలిసిన ఓరిగామిలో ఉన్నది అదే. జపనీస్‌లో మోకాలు "ఓరు" చెయ్యడం అంటే మోకరిల్లడం. కాబట్టి మీ అమ్మగారి మోకాళ్ల పర్వతం ఈ పేరుకు మరీ దూరంలో ఏమీ లేదు.

ఇక మీ అవ్వ సంగతి. తొంభై నాలుగేళ్లంటే 1931 ప్రాంతంలో పుట్టి ఉండాలి. అప్పుడు ఆ ఊరంతా హిజఓరి గ్రామమే. 1932లో టోక్యో గోల్ఫ్ క్లబ్బు అక్కడికి తరలి వచ్చింది. మోకాలు విరగడం అనే పేరు అపశకునంగా ఉందని, గ్రామం పట్టణంగా మారే సమయంలో, ఆ క్లబ్బు గౌరవాధ్యక్షుడైన అసాకా యువరాజు పేరు తీసుకున్నారు. రాజకుటుంబం పేరును అలాగే రాయడం అమర్యాద అని ఒక అక్షరం మార్చి, పొగమంచు అనే అర్థం ఉన్న అక్షరం పెట్టారు. అంటే ఆమె ఒళ్లో పాపగా ఉన్నప్పుడే ఊరి పేరు మారిపోయింది. పాత పేరు ఒక పేటకు మాత్రం మిగిలింది. రాత్రి పదకొండు గంటలకు ఆమె నోట వచ్చింది ఆ పాత పేరు. ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని వదలలేదన్నమాట.

ఇంకొకటి, మీకు నచ్చుతుంది. హిజఓరి పక్క నుంచి పారే ఏటి పేరు కురోమె. కురో నలుపు, మె కన్ను. కంటిలో నల్లటి భాగాన్ని జపనీస్‌లో కురోమె అనే అంటారు, మీరు రోజూ కళ్లలో చుక్కల మందు వేసేటప్పుడు వినే ఉంటారు. ఎగువన ఉన్న హిగషి కురుమె ఊరికి కూడా ఆ ఏటి పేరే వచ్చింది.

యమనోతెలో "తె" నిజంగా చెయ్యే, కానీ వైపు అనే అర్థంలో. మనం దారి చెప్పేటప్పుడు ఎడంచేతి వైపు తిరగండి అంటాం కదా, అలాంటిదే. కొండ వైపు అని. మెజిరోది గుడి కథ. ఫుదో అనే దేవుడి విగ్రహాలు ఐదు రంగుల కళ్ల పేర్లతో ఉన్నాయి. తెల్ల కన్ను ఫుదో మెజిరోలో, నల్ల కన్ను ఫుదో మెగురోలో. ఫుదో అంటే కదలనివాడు, సంస్కృతంలో అచలుడు. శేషాచలం నీడలో పెరిగిన మీకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.


జవాబు 2 (తెనాలి నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

అమ్మా, నాకు జపనీస్ రాదు. మా అబ్బాయి నగోయాలో ఉంటే రెండు నెలలు ఉండి వచ్చాను. కానీ మీరు రాసినదాంట్లో ఒకటి చూసి ఊరుకోలేకపోయాను. పిరుదు షిరి అన్నారు, ఊరి పేరులో అది జిరి అయింది. నోరు కుచి అన్నారు. నేను స్టేషన్లలో బయటికి పోయే దారి అడిగితే మా అబ్బాయి చూపించిన బోర్డు "దెగుచి". అంటే కుచి గుచి అయింది. ఇది మన గసడదవాదేశం కాదా? ముప్పై రెండేళ్లు ఎనిమిదో తరగతికి పాఠం చెప్పాను. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. దీనికి నేను బోర్డు మీద ఎప్పుడూ రాసే ఉదాహరణ మీ ఒంటి భాగాలదే: కాలు, చేతులు కలిస్తే కాలుసేతులు. పిల్లలు ఆ మాట విని విడ్డూరంగా చూసేవారు. ఇన్ని వేల మైళ్ల అవతల పరుషం సరళం కావడం చూసి మనసు నిండింది. తెలిసినవాళ్లు ఇది నిజంగా అటువంటిదేనా కాదా చెప్పగలరు.


జవాబు 3 (విశాఖ, ప్రస్తుతం ఓడలో)

నేను సరుకు ఓడలో సెకండ్ ఆఫీసర్‌ని. ప్రయాణానికి ముందు చార్టుల మీద దారి గీయడం నా పని, కాబట్టి జపాన్ తీరం పేర్లు కాగితం మీద చదివి చదివి నోటికి వచ్చేశాయి. నాకు ఒంటి భాగాలు తెలియవు, ముక్కు ఒక్కటే తెలుసు. ఎందుకంటే తీరం పొడుగునా అదే.

సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేలను జపాన్‌లో మిసకి అంటారు, సకి లేదా జకి అంటారు. ఇవి కాక హన, బన అని ముగిసే పేర్లు గుంపులు గుంపులుగా ఉంటాయి, క్యూషూ వైపు, లోపలి సముద్రం వైపు మరీ ఎక్కువ. రాసే అక్షరం ముక్కుదే. అంచు, కొస అనే అర్థంలో కూడా హన అనే మాట ఉంది, దానికి వేరే అక్షరం వాడతారు. రెండూ మూలంలో ఒకటే మాట అంటారు. నాకైతే అందులో సందేహమే లేదు. మొహానికి అన్నిటికన్నా ముందు ఉండేది ముక్కే. మనం కూడా "నీ ముక్కుసూటిగా పో" అనే దారి చెబుతాం.

నాకు బాగా గుర్తుండిపోయింది నగసకిబన. కగోషిమాలో, సత్సుమా ద్వీపకల్పం దక్షిణపు కొస. ఈ నగసకికి ఆ పేరున్న పెద్ద నగరంతో సంబంధం లేదు. నగ అంటే పొడవు, సకి కొస, ఆ పైన బన. పొడుగు కొస ముక్కు. ఒసుమి జలసంధిలో పోయేటప్పుడు దాని వెనక కైమోన్ కొండ కనిపిస్తుంది, 924 మీటర్లు, ధాన్యం రాశి పోసినట్టు నున్నగా ఉంటుంది. తెల్లవారుజాము నాలుగు గంటల వాచ్‌లో మొదటిసారి చూశాను, ఇంకా కళ్లలోనే ఉంది. అదే పేరున్న ముక్కు ఇంకొకటి టోక్యోకు తూర్పున చోషి దగ్గర ఉంది, 1874లో వెలిగించిన ఇనుబో లైట్‌హౌస్‌కు కాస్త దక్షిణంగా. పేర్లు ఒకటే కాబట్టి చార్టు మీద ఎక్కడున్నామో చూసుకోకుండా పేరు మాత్రమే చదివితే చాలదు.

కగోషిమా ముక్కు ఉన్న ఊరి పేరు ఇబుసుకి, వేడి ఇసుకలో మనుషుల్ని మెడదాకా కప్పి స్నానం చేయిస్తారు. ఆ పేరులో మొదటి అక్షరం వేలు. ముక్కు, వేలు ఒకే ఊళ్లో.

మా ఊరికి వస్తే, విశాఖ రేవుకు వచ్చే ప్రతి నావికుడికీ ముందు కనబడేది యారాడ కొండ. దాని ఇంగ్లీషు పేరు డాల్ఫిన్స్ నోస్. మన రేవుకూ ముక్కే గుర్తు. ఇంటికి వస్తున్నప్పుడు ఆ కొండ మీది లైట్ కనిపించే క్షణం ఎలాంటిదో నేను మాటల్లో పెట్టలేను. మీ అవ్వ "కాఎరితాఇ" అన్నదని చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.


జవాబు 4 (సప్పోరో నుంచి)

నేను జపాన్ ఉత్తరపు దీవి హొక్కైదోలో వ్యవసాయ పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఇక్కడికి వచ్చాక ఇక్కడి ఆదివాసులైన ఐనుల భాష తరగతికి కూడా వెళ్తున్నాను. అందుకే ఒక జాగ్రత్త చెప్పాలనిపించింది. టోక్యో ఉన్న పెద్ద దీవి హోన్షూలో ఏ సూత్రం తెలిసినా, సముద్రం దాటి హొక్కైదోకు వస్తే దాన్ని పక్కన పెట్టాలి.

ఇక్కడ రిషిరి అనే దీవి ఉంది. సముద్రంలోంచి నేరుగా 1721 మీటర్లు లేచిన కొండే దీవి. ఒకుషిరి ఇంకో దీవి. రెండు పేర్లలోనూ చివరి అక్షరం అక్క రోజూ పలికే ఆ పిరుదు అక్షరమే. కానీ అర్థం అది కాదు. ఐను భాషలో "సిర్" అంటే నేల, కొండ, దీవి. "రి" అంటే ఎత్తు. ఎత్తైన నేల. ఐనులు పెట్టిన పేరు విని, జపాన్ అధికారులు శబ్దానికి సరిపోయే అక్షరాలు తగిలించారు. షిరెతొకో అనే ద్వీపకల్పం పేరులో కూడా అదే సిర్, నేల కొస అని. ఐను వాళ్లను ఈ దేశపు ఆదివాసులని చట్టంలో రాయడానికి 2019 దాకా పట్టింది. వాళ్ల నేల మాట మీద ఎవరిదో పిరుదు అక్షరం ఇన్నేళ్లుగా కూర్చుని ఉండటం నాకు బాధగానే ఉంటుంది.

అలాగని ఐనులు నేలను శరీరంగా చూడలేదని కాదు, ఇంకా గట్టిగా చూశారు. ముక్కు వాళ్ల భాషలో "ఎతు", ఆ మాటే సముద్రపు కొసకు కూడా. "నోత్" అంటే గడ్డం, అదీ కొసే. తూర్పు చివర నోసప్పు పేరులో ఆ గడ్డం ఉందంటారు. నదుల సంగతి ఇంకా లోతైనది. నోబొరిబెత్సులో పుట్టిన ఐను భాషావేత్త చిరి మషిహో (1909–1961) దీన్ని వివరంగా రాశారు. వాళ్లకు నది ప్రాణమున్న జీవి. అది కొండల నుంచి సముద్రానికి దిగదు, సముద్రం నుంచి కొండల్లోకి నడిచి వెళ్తుంది. అందుకని మనం ముఖద్వారం అనే చోటు వాళ్ల లెక్కలో నది కింది భాగం. పుట్టిన చోటు తల. శరత్కాలంలో సాల్మన్ చేపలు సముద్రం వదిలి ఏటికి ఎదురెక్కడం చూశాక నాకు ఆ దిక్కే సహజం అనిపించింది.

జపనీస్‌లో చూడండి, సైతామాలోనే కవగుచి ఉంది, నది నోరు. కుమమోతోలో కవషిరి ఉంది, నది పిరుదు. నది ముగిసే వైపును నోరని అనవచ్చు, పిరుదు అనీ అనవచ్చు. ఇకెజిరి కూడా అంతే, చెరువు దిగువ కొస. మన వైపు కాలువ చివరి భూములను తోక అనరూ? షిరి అనే మాటను మర్యాద తక్కువగా తీసుకోకండి అక్కా, వాళ్లకది దిగువ.

మాస్టారూ, మీ పరిశీలన చాలా దగ్గరగా ఉంది. క గ అవుతుంది, త ద అవుతుంది, స జ అవుతుంది. హ మాత్రం బ అవుతుంది, ఎందుకంటే పూర్వం ఆ హ అనేది ప. ముక్కు హన, నగసకిబన అందుకే. కానీ ఒక్క చోట మనకు పూర్తిగా ఎదురు. మనకు ద్వంద్వ సమాసంలో మారుతుంది, తల్లిదండ్రులు అన్నట్టు. వాళ్లకు ద్వంద్వంలో మారదు. యమ అంటే కొండ, కవ అంటే నది. యమకవ అంటే కొండలూ నదులూ. యమగవ అంటే కొండల్లో పారే నది. ఆ ఒక్క అక్షరంతో సమాసమే మారిపోతుంది. మీ ఎనిమిదో తరగతి బోర్డు మీద ఇది కూడా రాసి ఉంటే నేను ఆ క్లాసులో కూర్చోవాలనుకునేదాన్ని.


ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మాస్టారు గారూ, కాలుసేతులు అనే మాట మా స్కూల్లోనూ విన్నాను, ఇన్నాళ్లకు మళ్లీ గుర్తొచ్చింది.

మొన్న సెలవు రోజున హిజఓరి వెళ్లి వచ్చాను. మీరు చెప్పిన వాలు దిగుతుంటే నా మోకాళ్లకే తెలిసింది. సిగ్నల్ దగ్గర ఊరి పేరున్న బోర్డుకు ఒక ఫోటో, కురోమె ఏటి వంతెన మీద నుంచి ఇంకో ఫోటో తీశాను. ఏట్లో నీళ్లు తక్కువగా ఉన్నా తేటగా ఉన్నాయి, కొంగ ఒకటి నిలబడి ఉంది.

సాయంత్రం అవ్వకు చూపించాను. బోర్డు ఫోటో చూసి ఏమీ అనలేదు. వేలితో అక్షరాల మీద రాసుకుంటూ పోయింది, మోకాలు అక్షరానికి గీతలు చాలా ఎక్కువ, ఒక్కటి కూడా తప్పలేదు. అదే సమయానికి ఆమె కూతురు వచ్చారు, ఆమెకే డెబ్బై దాటాయి. 1932 సంగతి చెబితే ఆశ్చర్యపోయారు. తాతగారు పోయేదాకా ఉత్తరాల మీద కొత్త పేరు రాసినా నోటితో హిజఓరి అనే అనేవారట, ఎందుకో ఆమెకు ఇన్నాళ్లూ తెలియదట.

తర్వాత ఏటి ఫోటో చూపించాను. అవ్వ ఫోన్‌ను దగ్గరికి లాక్కుని "సకురా?" అని అడిగింది. ఏటి గట్టు పొడుగునా ఉన్నవి చెర్రీ చెట్లేనని నాకు అప్పుడు తెలిసింది, ఆకులు రాలిపోయి ఉండటంతో నేను పోల్చుకోలేదు. ఇప్పుడు కాదు అవ్వా, మార్చి చివర్లో అని చెప్పాను. మా ఇన్‌చార్జిని అడిగితే, ఆ రోజు చలి లేకపోతే వీల్‌చైర్ బండిలో గంటసేపు తీసుకెళ్లి రావచ్చన్నారు. అవ్వ గదిలో క్యాలెండర్ మీద ఆ వారం చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి వచ్చాను.